డీలరు కట్టించిన కారు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? యెంకో కమారో గురించి నాకు తెలిసినంత

పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటున్నానని, పక్కనే ఉన్న కానన్స్‌బర్గ్‌లో పాత కార్ల ప్రదర్శనకు వెళ్లి షెవర్లే కంపెనీ తయారుచేసిన నారింజ రంగు 1969 కమారో ఒకటి చూశానని, దాని మీద షెవర్లే అనే పేరు కన్నా ‘యెంకో’ అనే డీలరు పేరే కొట్టొచ్చినట్టు కనిపించిందని మీరు రాశారు. కార్లు అమ్ముకునే మనిషి కారును ఎలా తయారు చేయగలిగాడన్నది మీ మొదటి ప్రశ్న. మీతో పనిచేసే ఒకాయన తన గ్యారేజీలోనూ అలాంటి కారే ఉందని, తెలిసినవాళ్లు కాబట్టి తక్కువకు ఇస్తానని అంటున్నారని, ఆ మాట నమ్మవచ్చా అన్నది రెండో ప్రశ్న.

రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. యెంకో 1969 కమారోలను తన షెడ్డులో కట్టలేదు, కంపెనీ ఆర్డరు పద్ధతిలో ఉన్న ఒక సందును పట్టుకుని కంపెనీ చేతనే కట్టించుకున్నాడు. అందువల్ల అసలు కారుకు రుజువు చారల్లో, బ్యాడ్జీల్లో ఉండదు. ఆనాటి కాగితాల్లోనూ, ఇనుము మీద కొట్టిన అంకెల్లోనూ ఉంటుంది. మీ సహోద్యోగి అవి చూపించగలిగితే బేరం మాట్లాడండి. చూపించలేకపోతే దాన్ని చక్కగా చారలు వేసిన మామూలు కమారోగానే లెక్కకట్టండి.

నేను మిషిగన్‌లో ఇంజన్ల పరీక్షశాలలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. శనివారాలు మాత్రం పాత షెవర్లేలను బాగుచేసే ఒక చిన్న షెడ్డులో గడుస్తాయి. యెంకో కారు అని చెప్పి మా దగ్గరకు తెచ్చినవి ఇంతవరకు తొమ్మిది చూశాను. పరీక్షకు నిలబడినవి మూడు. ఆ లెక్కను మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

డాన్ యెంకో 1927లో పుట్టాడు. వాళ్ల నాన్న 1934లో బెంట్లీవిల్ అనే చిన్న ఊళ్లో షెవర్లే డీలర్‌షిప్ పెట్టి, 1949లో కానన్స్‌బర్గ్‌లో రెండోది తెరిచాడు. కొడుక్కి అమ్మకాలూ తెలుసు, విమానం నడపడమూ తెలుసు, అన్నింటికన్నా ఎక్కువగా రేసుల పిచ్చి ఉండేది. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు, అంటే ఎస్‌సీసీఏ, నడిపే పందేల్లో షెవర్లే వారి స్పోర్ట్స్ కారు కార్వెట్ తోలేవాడు. 1965లో ఫోర్డ్ మస్టాంగ్‌ను ఆధారం చేసుకుని కారల్ షెల్బీ అనే రేసరు కట్టిన జీటీ350 వచ్చి పందేలను దున్నేయడం మొదలుపెట్టింది. వెనక సీటు తీసేసి, క్లబ్బు నిబంధన ప్రకారం కనీసం వంద కార్లు చేసి చూపిస్తే, నలుగురు కూర్చునే కారు కూడా స్పోర్ట్స్ కారుగా లెక్కలోకి వస్తుందని షెల్బీ రుజువు చేశాడు. యెంకో ఆ పాఠాన్ని అందిపుచ్చుకుని, చేతికి అందుబాటులో ఉన్న షెవర్లే కార్వేర్‌ను ఎంచుకున్నాడు. ఇంజను వెనక ఉండి, నీళ్లతో కాక గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల చిన్న కారది. అమ్మకాలు పడిపోయి, భద్రత గురించి చెడ్డపేరు కూడా మూటగట్టుకుని ఉన్న రోజులవి.

ఆ కారుకు ఆయన పెట్టిన పేరు స్టింగర్. మొదటి వంద కార్లనూ తెల్లరంగులోనే తెప్పించి, నీలం చారలు వేయించి, వెనక సీటు పీకించి, వెనక మూతకు ఫైబర్‌గ్లాస్ తోక బిగించి, 1965 చివరి వారాల్లో ఒకదాని వెంట ఒకటిగా తయారు చేయించాడు. రేసు సంవత్సరం మొదలయ్యేలోగా వందా పూర్తి కావాలి, లేకపోతే ఆ ఏడాదికి లెక్కలోకి రావు. కొన్నవాడి ఓపికను బట్టి ఇంజను బలాన్ని 160 నుంచి 250 హార్స్‌పవర్ దాకా అంచెలవారీగా అమ్మాడు. వైఎస్-001 నుంచి వరస అంకెలు వేసిన చిన్న రేకును ప్రతి కారుకూ బిగించారు. 1967లో జెర్రీ థాంప్సన్ అనే ఆయన స్టింగర్‌తో ఎస్‌సీసీఏ డి ప్రొడక్షన్ తరగతి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. కమారో అంత పేరు స్టింగర్‌కు రాలేదు గానీ, నా మటుకు యెంకో చేసిన పనులన్నింటిలోకీ తెలివైనది ఇదే. కంపెనీయే ఆశ వదులుకున్న కారును, నియమాల పుస్తకాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివి, పందెం గెలిచే కారుగా మార్చడం చిన్న విషయం కాదు.

ఇక కమారో సంగతి. 1966 సెప్టెంబరులో అది మార్కెట్లోకి వచ్చేనాటికి షెవర్లేకు మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్ లోపల ఒక కట్టడి అమల్లో ఉంది. కార్వెట్‌ను మినహాయించి, మధ్యస్థాయి కార్లలోనూ అంతకన్నా చిన్నవాటిలోనూ 400 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదు. దాని వల్ల కమారోకు దొరికిన అతిపెద్ద ఇంజను 396, అంటే ఆరున్నర లీటర్లది. షోరూంలో పక్కనే నిలబడిన కార్వెట్‌లో మాత్రం 427, అంటే ఏడు లీటర్లది ఉండేది. పోటీ కంపెనీలకు ఇలాంటి కట్టడి లేదు. పైగా 1963 నుంచి జనరల్ మోటార్స్ తన విభాగాలను రేసుల జోలికి వెళ్లవద్దని గట్టిగా ఆపేసింది. కుర్రవాళ్లు అడిగే కారు కంపెనీ ఇవ్వదు, కానీ దానికి కావలసిన భాగాలన్నీ అదే కంపెనీ గోదాములో ఉన్నాయి. డీలర్లకు పని దొరికింది ఇక్కడే.

396ను, 427ను పక్కపక్కన బల్ల మీద పెడితే పైకి తేడా చెప్పడం కష్టం. రెండింటిలోనూ పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం ఒకటే, 3.76 అంగుళాలు. సిలిండరు రంధ్రం మాత్రం మొదటిదానిలో సుమారు 4.09 అంగుళాలైతే రెండోదానిలో 4.25. అంటే సుమారు నాలుగు మిల్లీమీటర్ల తేడా, అదీ లోపల, కంటికి కనపడని చోట. బయటి కొలతలు, బిగించే బోల్టులు, గేర్‌బాక్స్ కలిసే ముఖం అన్నీ ఒకటే కాబట్టి 396 కోసం కట్టిన కమారోలో 427 ఎలాంటి కోతా అతుకూ లేకుండా దిగిపోతుంది. మా షెడ్డులో ఒకసారి ఈ మార్పిడి చేస్తున్నప్పుడు నేను గొలుసు పట్టుకుని ఇంజనును దించాను. మౌంటు బోల్టులు సమ్మెట దెబ్బ అవసరం లేకుండా వేళ్లతోనే సగం దాకా ఎక్కేశాయి. 1967లో కానన్స్‌బర్గ్ మెకానిక్కులు చేసిన పని కూడా దాదాపు ఇదే. డిక్ హారెల్ అనే డ్రాగ్ రేసర్ మొదట్లో యెంకోకు ఈ మార్పిళ్లలో సాయపడ్డాడు. ఆ ఏడాది తయారైనవి యాభై పైచిలుకు, 1968లో మరో అరవై పైచిలుకు అని ఎక్కువమంది లెక్క వేస్తారు.

ఈ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. కొత్త కారులోంచి కొత్త ఇంజను పీకి ఇంకో కొత్త ఇంజను దించడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. అంతకన్నా పెద్ద చిక్కు వారంటీ. డీలరు ఇంజను మార్చిన కారు రేపు రోడ్డు మీద ఆగిపోతే కంపెనీ బాధ్యత తీసుకోదు, భారమంతా డీలరు మీదే పడుతుంది.

1969 కార్లకు యెంకో పట్టుకున్న ఉపాయాన్ని ‘కోపో’ అంటారు. కేంద్ర కార్యాలయపు ఉత్పత్తి ఆర్డరు అన్న ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలవి. షెవర్లేలో ఈ పద్ధతి అప్పటికే చాలాకాలంగా ఉంది. టాక్సీ కంపెనీకి గట్టి సీట్లు కావాలన్నా, పోలీసు శాఖకు ప్రత్యేకమైన ఇంజను కావాలన్నా, మామూలు ఆర్డరు ఫారంలో లేని రంగు వంద బండ్లకు వేయాలన్నా ఈ దారిలోనే అడిగేవారు. షెవర్లేలో పనితీరు విభాగం చూసే విన్స్ పిగ్గిన్స్ రేసులంటే చెవి కోసుకునే మనిషి. టాక్సీల కోసం పెట్టిన ఆ దారిలోనే 427 ఇంజనున్న కమారోకు 9561 అనే అంకెతో ఆర్డరు పుట్టింది. మామూలు ఆర్డరు పుస్తకంలో ఆ కారు లేదు కాబట్టి నియమం నియమంగానే ఉంది, కారు మాత్రం ఫ్యాక్టరీ వరసలోనే తయారైంది. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్న సామెతకు కార్ల చరిత్రలో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు కారు ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ నుంచే 425 హార్స్‌పవర్ 427తో, పెద్ద రేడియేటరుతో, ముందు డిస్క్ బ్రేకులతో, 4.10 నిష్పత్తి గల బలమైన వెనక యాక్సిల్‌తో, కంపెనీ వారంటీతో వచ్చేది. యెంకో దానికి 9737 అనే మరో ఆర్డరును కలిపి 140 మైళ్ల స్పీడోమీటరు, మలుపుల్లో కారు ఒరిగిపోకుండా ఆపే లావాటి ముందు యాంటీ రోల్ బార్, పదిహేను అంగుళాల చక్రాలు తెప్పించుకున్నాడు. కానన్స్‌బర్గ్‌లో మిగిలింది చారలు అంటించడం, 427 బ్యాడ్జీలు పెట్టడం, సీటు తలాపుల మీద మీరు చూసిన ‘ఎస్‌వైసీ’ గుర్తు వేయడం. యెంకో సూపర్ కార్ అని దానికి అర్థం. ఇలాంటివి 1969లో సుమారు 200 కమారోలు, షెవర్లే ఇతర మోడళ్లలో 99 షెవెల్‌లు వచ్చాయి. ఇవే కాక 37 నోవాలకు (షెవర్లే చిన్న కారు) మాత్రం ఇంజనును పాత పద్ధతిలోనే కానన్స్‌బర్గ్‌లో మార్చారు. అన్నీ ఒక్క ఊళ్లో అమ్ముడుపోయేవి కావు కాబట్టి ఇతర రాష్ట్రాల డీలర్లకు కూడా సరఫరా చేసేవాడు.

మీరు గుర్తుంచుకోవలసిన మెలిక ఒకటి ఇక్కడుంది. 9561 అంకె ఒకసారి పుట్టాక అది యెంకో సొంత ఆస్తిగా మిగలలేదు. తెలిసిన డీలరు ఎవరైనా ఆ అంకె వేసి తెప్పించుకోవచ్చు, తెప్పించుకున్నారు కూడా. ఆ ఆర్డరు మీద మొత్తం సుమారు వెయ్యి కమారోలు వచ్చాయని అంచనా. కాబట్టి అసలైన కోపో కారు అయినంత మాత్రాన అది యెంకో కారు కాదు. అమ్మేవారు ఈ రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పేస్తుంటారు. ధరలో తేడా మాత్రం ఒక ఇంటి డౌన్ పేమెంటంత ఉంటుంది.

అదే ఏడాది ఇదే దారిలో ఇంకో డీలరు ఎలా చిక్కుకుపోయాడో చెప్పకపోతే కథ ఒకవైపే ఉంటుంది. ఇల్లినాయ్‌లోని లా హార్ప్ అనే పల్లెలాంటి ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే షెవర్లే డీలరు ఉండేవాడు. పూర్తిగా అల్యూమినియంతో చేసిన 427 ఇంజనును, జెడ్ఎల్1 అంటారు దాన్ని, కమారోలో పెట్టించడానికి 9560 అనే ఆర్డరు కింద యాభై కార్లకు మాట ఇచ్చాడు. 1968 డిసెంబరు 31న మొదటి రెండూ వచ్చాయి. బిల్లు చూస్తే ఇంజనుకే 4,160 డాలర్లు, కారు మొత్తం 7,200 డాలర్ల పైచిలుకు. ఆ డబ్బుతో ఆ రోజుల్లో రెండు మామూలు కమారోలు కొని ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు. అంత చిన్న ఊళ్లో యాభై ఎవరికి అమ్ముతాడు? చివరికి చాలా కార్లను కంపెనీ వెనక్కి తీసుకుని ఇతర డీలర్లకు పంపింది. మొత్తం 69 జెడ్ఎల్1 కమారోలు తయారయ్యాయి, కొన్ని ఏళ్ల తరబడి అమ్ముడుపోక పడి ఉన్నాయి. ఈనాడు వేలం పాటలో అవి పలికే ధర చూసి గిబ్‌ను దూరదృష్టి గలవాడని పొగుడుతారు గానీ, 1969లో ఆయన దృష్టి అంతా నెలాఖరు వడ్డీ మీదే ఉండి ఉంటుందని నా అనుమానం. యెంకో ఎంచుకున్న ఇనుప 427కు, గిబ్ ఎంచుకున్న అల్యూమినియం 427కు రోడ్డు మీద తేడా కొద్ది, బిల్లులో తేడా కొండంత. వ్యాపారి నేర్పు ఆ ఎంపికలోనే బయటపడింది.

ఇలాంటి డీలర్లు అప్పుడు ఇంకా కొందరు ఉన్నారు. మిషిగన్‌లోని రాయల్ ఓక్‌లో రాయల్ పాంటియాక్ అనే డీలర్‌షిప్ ‘బాబ్‌క్యాట్’ పేరుతో కార్లను సానబెట్టి అమ్మేది. ఆ పేరుకు కొత్తగా అక్షరాలు పోత పోయించలేదు. బానవిల్, కాటలినా అనే రెండు పాంటియాక్ కార్ల పేరుపలకల్లోంచి అక్షరాలు ఏరి అతికించారు. వాళ్లు చేసిన మార్పులూ అలాంటి పొదుపైనవే: పలుచటి హెడ్ గాస్కెట్లు, కార్బురేటరులో కాస్త పెద్ద జెట్లు, డిస్ట్రిబ్యూటరులో ఇగ్నిషన్ సమయం సర్దడం. చికాగోలో ‘మిస్టర్ నార్మ్’గా పేరుపడ్డ నార్మ్ క్రౌస్ డాడ్జ్ డీలరు. డార్ట్ అనే చిన్న కారులో 383 ఇంజను పట్టదని కంపెనీ అంటే, తానే పట్టించి, ఆ కారును వాళ్లకే చూపించాడు. రోడ్ ఐలండ్‌లోని టాస్కా ఫోర్డ్ మెకానిక్కులు 390 ఇంజనున్న మస్టాంగ్‌లో పోలీసు కార్ల 428ను దించి నడిపి చూపించాక, ఫోర్డ్ 1968 ఏప్రిల్‌లో 428 కోబ్రా జెట్‌ను బయటికి తెచ్చింది. వీళ్లందరిలో కంపెనీ ఇంజనీరింగును ఎక్కువగా కదిలించినవాడు టాస్కా అని నేనంటాను. అయినా జనం నోట నిలిచింది యెంకో పేరు, ఎందుకంటే ఆయన మార్పును ఒక పేరుగా, ఒక చారగా, గుర్తుపట్టగలిగే వస్తువుగా అమ్మాడు.

ఈ వ్యవహారం ఎందుకు ఆగిపోయిందన్నది మీరు అడగలేదు గానీ, తర్వాతి ఏళ్ల యెంకో కారు ఏదైనా మీ కంటపడితే పనికొస్తుందని రెండు మాటలు చెబుతాను. 1970 మోడళ్లకు జనరల్ మోటార్స్ ఆ 400 అంగుళాల కట్టడిని ఎత్తేసింది, 454 ఇంజనున్న షెవెల్ నేరుగా షోరూంలోనే దొరికింది. డీలరు దూరవలసిన సందే మూసుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా బీమా కంపెనీలు పెద్ద ఇంజను పేరు వింటేనే కుర్రవాళ్లకు ప్రీమియం అమాంతం పెంచేశాయి. దానికి యెంకో జవాబు 1970 నోవా ‘డ్యూస్’. ఇంజను పరిమాణం 350 మాత్రమే. బీమా ఫారంలో చూస్తే కుటుంబం తిరిగే కారులాగే కనిపిస్తుంది. లోపల మాత్రం 360 హార్స్‌పవర్ ఎల్‌టీ-1 ఉంటుంది. 175 తయారయ్యాయి, అవి కూడా కోపో ఆర్డరు మీదే. ఆ తర్వాత వేగా అనే చిన్న కారుకు టర్బో పెట్టబోతే, కొత్త కాలుష్య నిబంధనల కింద యాభై వేల మైళ్ల పరీక్ష చేసి చూపించమన్నారు; డీలరుకు అది అయ్యే పని కాదు. 1981లో టర్బో కమారో ఒకటి కొద్ది సంఖ్యలో తెచ్చాడు. 1987లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు.

ఇక మీ సహోద్యోగి కారు దగ్గరికి వద్దాం. మేము ఏ వరసలో చూస్తామో చెబుతాను.

ముందు అద్దం కింద, డ్రైవరు వైపు డ్యాష్ మీద ఉండే చాసిస్ నంబరు చూడండి. 1969 యెంకో కమారో అయితే అది 124379ఎన్ అని మొదలవ్వాలి. ఎన్ అంటే నార్‌వుడ్. అయితే ఆ నంబరు ఎనిమిది సిలిండర్ల కారని మాత్రమే చెబుతుంది, 307 ఇంజనో 427 ఇంజనో చెప్పదు. నకిలీలు పుట్టడానికి మూలకారణం ఇదే. తర్వాత బానెట్ తెరిచి, ఇంజనుకూ క్యాబినుకూ మధ్య గోడకు బిగించిన రేకు చదవండి. అందులో రంగు, తయారైన నెల, వారంతో పాటు, చాలా కార్లకు ఎక్స్‌తో మొదలయ్యే ఒక గుర్తు ఉంటుంది. కోపో కార్లకు అది ఎక్స్11 గానీ ఎక్స్44 గానీ అవుతుంది. అయితే ఆ గుర్తులు వేలకొద్దీ మామూలు కమారోలకూ ఉన్నాయి కాబట్టి, వాటి వల్ల కారు అసలుదని తేలదు. వేరే గుర్తు ఉంటే నకిలీ అని మాత్రం తేలిపోతుంది.

ఈ రేకు దగ్గరే నేను చూసిన అతి విచారకరమైన కేసు బయటపడింది. ఒకాయన మెరిసిపోతున్న నారింజ కమారో తెచ్చాడు. చారలు, బ్యాడ్జీలు, తలాపుల మీద గుర్తు అన్నీ ఉన్నాయి, వేరే ఊళ్లో ఒక దళారీ దగ్గర యెంకో ధరకే కొన్నాడు. రేకు మీద ఎక్స్77 ఉంది. ఆ గుర్తున్న కారు ఫ్యాక్టరీ నుంచి జెడ్28 అనే ప్రత్యేక రకం కమారోగా వచ్చిందని అర్థం. అది తనంతట తానే విలువైన, కోరి కొనుక్కునే కారు. ఎవరో దాని అసలు 302 ఇంజనును తీసేసి, అందులో ఏదో లారీ నుంచి వచ్చిన పెద్ద బ్లాకు దించి, నిజమైన జెడ్28ను చంపి నకిలీ యెంకోను పుట్టించారు. నేతిబీరకాయలో నెయ్యి లేకపోతే పోయింది, ఇక్కడ ఉన్న నెయ్యిని ఒలకబోసి మరీ పేరు పెట్టారు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ఇంజను బ్లాకు మీద ముద్ర. ప్యాసింజరు వైపు సిలిండరు హెడ్డుకు సరిగ్గా ముందు, బెల్టులూ బ్రాకెట్ల వెనక, రెండు వేళ్ల వెడల్పున ఒక చదునైన చోటు ఉంటుంది. గుడ్డతో, కొంచెం కిరోసిన్‌తో మట్టి తుడవండి. ఇసుక కాగితం మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ టి అనే అక్షరం, నాలుగు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు కనిపించాలి. టి అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజను ఫ్యాక్టరీ, అంకెలు నెల, తేదీ. చివరి రెండు అక్షరాలు మాన్యువల్ గేర్ల 427 అయితే ఎంఎన్, ఆటోమేటిక్ అయితే ఎంఓ. ఇంజను తేదీ కారు తయారైన వారానికి ముందు ఉండాలి, తర్వాత ఉంటే లెక్క తప్పినట్టే. బ్లాకు మీదే చాసిస్ నంబరులోని చివరి అంకెలు కూడా విడిగా కొట్టి ఉంటాయి, అవి డ్యాష్ మీది నంబరుతో కలవాలి.

అక్షరాలను చదివి ఊరుకోకండి, వాటి వెనక లోహాన్ని చూడండి. ఫ్యాక్టరీలో ఆ ముఖాన్ని కోసిన యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు వదిలిపెడుతుంది. టార్చిని పక్క నుంచి, నేలబారుగా వేస్తే అవి పట్టుచీర నేతలా కనిపిస్తాయి. అసలు ముద్రలో అంకెలు ఆ గీతల మీదుగా దిగి ఉంటాయి. గీతలే లేకుండా అద్దంలా నునుపుగా ఉన్నా, గుండ్రటి అరుగుదల గుర్తులున్నా ఎవరో పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టారని అనుమానించాలి. దీనికొక మినహాయింపు ఉంది. యాభై ఏళ్లలో ఇంజనును నిజాయితీగా రిపేరు చేసినప్పుడు కూడా ఆ ముఖాన్ని కోసి ఉండవచ్చు. అప్పుడు అంకెలు మాయమవుతాయి, మళ్లీ కొత్తగా పుట్టవు. అంకెలు లేకపోవడం దురదృష్టం అనుకోవచ్చు. తాజాగా కొట్టిన అంకెలుంటే అది మోసం.

నాలుగోది కాగితాలు. ఈ పాత కార్ల తయారీ వివరాలు అమెరికాలోని షెవర్లే దగ్గర అడిగితే దొరికే పరిస్థితి లేదు, కాబట్టి ఆనాడు కారుతో వచ్చినవే దిక్కు. డీలరు అమ్మకపు బిల్లు, షెవర్లే నుంచి యెంకోకు వచ్చిన ఇన్వాయిసు, వారంటీ పుస్తకంలో అతికించి ఉండే చిన్న లోహపు పలక, అదృష్టం బాగుంటే పెట్రోలు ట్యాంకు పైనో సీటు స్ప్రింగుల మధ్యనో ఇరుక్కున్న తయారీ కాగితం. వీటిలో కారును కానన్స్‌బర్గ్‌తో ముడిపెట్టే కాగితం ఒక్కటైనా లేకపోతే అది మంచి కోపో కారు కావచ్చు, యెంకో కారని మాత్రం నేను సంతకం పెట్టను.

నిలబడిన మూడింటిలో ఒకదాని సంగతి చెబుతాను. పశ్చిమ పెన్సిల్వేనియాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి పోయిన ఒకాయన భార్య, ఆయన సామాను ఖాళీ చేస్తూ, షెడ్డులో ఉన్న ముదురు ఎరుపు కమారోను తుక్కుకు వేయాలా అని అడిగించారు. చారలు లేవు, బ్యాడ్జీలు లేవు, రంగు ఇంటి దగ్గర వేసినది, ఇంజను కూడా కారుది కాదు. 1970ల్లోనే పందెంలో పేలిపోయిందని ఆమే చెప్పారు. డ్యాష్‌లో మాత్రం స్పీడోమీటరు 140 దాకా ఉంది. కారు కింద దూరి వెనక యాక్సిల్ గొట్టాన్ని వైరు బ్రష్షుతో గీకితే, ఆ ఆర్డరు యాక్సిల్‌కు ఉండవలసిన బీఈ అక్షరాలు బయటపడ్డాయి. గ్లవ్ బాక్స్‌లో రబ్బరు బ్యాండు చుట్టిన వారంటీ పుస్తకం, అందులో లోహపు పలక, పుస్తకం మధ్యలో నాలుగు మడతలు పెట్టిన కానన్స్‌బర్గ్ బిల్లు ఉన్నాయి. అసలు ఇంజను లేనందున ధర బాగా తగ్గింది, కానీ అది నూటికి నూరుపాళ్లు యెంకో కారే. నారింజ రంగులో మెరిసినదానికి లేనిదేదో రంగు వెలిసిన దీనికి ఉంది.

ఇంకో జాగ్రత్త. ఈ మధ్య ఏళ్లలో యెంకో పేరుతో, ఆధునిక కమారోలను ఆధారం చేసుకుని కొత్త కార్లు కూడా వచ్చాయి. అవి చట్టబద్ధమైనవే, బలంలో పాతవాటిని మించినవే, కానీ 1969 కార్లతో వాటికి పేరు తప్ప చుట్టరికం లేదు. ప్రకటనల్లో సంవత్సరం చూసుకోండి.

మీ సహోద్యోగితో స్నేహం చెడకుండా ఈ పని ఎలా చేయాలన్నది కూడా మీకు ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. బేరం గురించి ఇప్పుడే ఎత్తవద్దు. కారు చూడటానికి వస్తానని చెప్పి, గోడ మీది రేకుకు, ఇంజను ముఖానికి, యాక్సిల్ గొట్టానికి, గ్లవ్ బాక్స్‌లోని కాగితాలకు ఫోటోలు తీసుకోవడానికి అనుమతి అడగండి. కారు మీద నమ్మకం ఉన్నవారు తామే బానెట్ ఎత్తి టార్చి పట్టుకుంటారు. ఇంజను ముఖం ఫోటో మాత్రం పక్క వెలుతురులో, రెండు మూడు కోణాల్లో, గీతలు కనపడేలా తీసి ఇక్కడే పెట్టండి. శనివారం షెడ్డుకు వెళ్లినప్పుడు మా పెద్దమెకానిక్కుకు కూడా చూపించి జవాబు రాస్తాను. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.